స్పిట్‌ఫైర్ వెనక భాగం దించండి, ముందు భాగాన్ని వదిలేయండి

కారు సందేహాలు

ప్రశ్న: నమస్కారం సార్. మాది నెల్లూరు, చెన్నై వచ్చి స్థిరపడ్డాం. మా పెదనాన్నగారి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజన్ చక్కగా ఉంది. కానీ కారు వెనక భాగం పైకి లేచినట్టుంటుంది, వెనక చక్రాల కింది అంచులు లోపలికి ముడుచుకుని కనిపిస్తాయి. మా మెకానిక్ నాలుగు మూలలా రెండేసి అంగుళాలు దించేద్దామంటున్నాడు. ముందు స్ప్రింగులు ఒక చుట్టు కోసి, వెనక కమాన్ కట్ట (పట్టీలు పేర్చిన స్ప్రింగ్)లో ఒక పట్టీ తీసేస్తే చాలట. ఫొటోల్లో నేలకు దగ్గరగా ఉన్న స్పిట్‌ఫైర్‌లే అందంగా ఉన్నాయి. ఆదివారాలు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద మహాబలిపురం దాకా వెళ్లి రావాలని నా కోరిక. చేయించమంటారా? – పేరు వేయొద్దన్న పాఠకుడు, అన్నానగర్

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం వెనక చక్రాల గురించి రాసినది. అందం సంగతి తర్వాత, అలా ముడుచుకున్న చక్రాలతో ఈసీఆర్ మలుపుల్లో వేగంగా వెళ్లడం ప్రమాదం. కాబట్టి వెనక భాగం దించాల్సిందే, అయితే అంగుళానికి మించి వద్దు. ముందు స్ప్రింగుల మీద మాత్రం రంపం పెట్టనివ్వకండి.

కారణం ఆ కారు పుట్టుకలోనే ఉంది. స్పిట్‌ఫైర్ 1962లో వచ్చింది. దాని ఒళ్లు గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొత్తి. కింద ఉన్న సస్పెన్షన్ మాత్రం 1959 నాటి ట్రయంఫ్ హెరాల్డ్‌ది. ఆ హెరాల్డే 1961 నుంచి మన మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. అందుకే మీ కారు అరుదైనదైనా, దాని కింది భాగం తెలిసిన చేతులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. చెన్నై దగ్గరి షోళవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద రేసులు జరిగిన రోజుల్లో హెరాల్డ్‌లను చూసినవాళ్లకు ఒకటి గుర్తుండే ఉంటుంది: గెలవాలని వచ్చినవాళ్ల కార్ల వెనక చక్రాలు పై అంచులు లోపలికి వాలి ఉండేవి. మీ కారుకు సరిగ్గా దానికి తిరగబడి ఉన్నాయి.

మీ కారుది స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టుకు లోపలి చివర మాత్రమే క్రాస్, అంటే వంగే కీలు, ఉంటుంది, చక్రం దగ్గర ఉండదు. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా షాఫ్టూ చక్రమూ కలిసి తలుపు రెక్కలా ఆ క్రాస్ దగ్గర ఊగుతాయి. కారు వెనక భాగం లేచే కొద్దీ చక్రం కింది అంచు లోపలికి వెళ్తుంది. మలుపులో వేగం ఎక్కువైందని భయపడి యాక్సిలరేటర్ వదిలేశారనుకోండి, బరువు ముందుకు పోతుంది, వెనక భాగం లేస్తుంది, బయటివైపు చక్రం ముడుచుకుని టైరు అంచు మీద నిలబడుతుంది. పట్టు మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా పోతుంది. కంపెనీకి ఈ సంగతి తెలుసు. 1970లో మార్క్ 4 తెచ్చినప్పుడు కమాన్ కట్టను మధ్యలో ఊగేలా మార్చి ఈ గుణాన్ని బాగా తగ్గించింది. ఇక్కడ హెరాల్డ్ స్థానంలో 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కైతే స్వింగ్ యాక్సిలే తీసేసి మామూలు గట్టి యాక్సిల్ వేశారు. మీ మార్క్ 3 ఆ మార్పుకు ముందుది. వెనక భాగాన్ని ముప్పావు అంగుళమో అంగుళమో దించితే చక్రం నిలబడే కోణమే మారిపోయి, ముడుచుకునే స్థితి దాకా వెళ్లడం కష్టమవుతుంది. నాకు తెలిసిన పాత స్పోర్ట్స్ కార్లలో దించడం వల్ల నిజంగా భద్రత పెరిగేవి తక్కువ, మీది వాటిలో ఒకటి.

అయితే దించే ముందు, అసలు అది ఎందుకు లేచి ఉందో చూడాలి. స్వింగ్ యాక్సిల్ కారును జాక్ మీద లేపి దించితే చక్రాలు ముడుచుకునే ఉండిపోతాయి, కొన్ని మీటర్లు నెట్టితే గానీ అసలు ఎత్తుకు రావు. కాబట్టి కారును కాస్త తిప్పి తెచ్చి, చదునైన నేల మీద నిలిపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి ఎంతుందన్నది లెక్కను తప్పిస్తుంది. తర్వాత సీట్ల వెనక ఉన్న చిన్న మూత తీసి కమాన్ కట్ట చూడండి. స్పిట్‌ఫైర్ కమాన్ దొరక్క హెరాల్డ్ సెడాన్‌ది వేసిన కార్లు నేను చూశాను. సెడాన్ కమాన్ నలుగురిని మోయడానికి చేసింది, ఇద్దరే కూర్చునే తేలికైన కారు కింద వేస్తే వెనక భాగం లేచే నిలబడుతుంది. పాత కమాన్‌కు కొలిమిలో ఎక్కువ వంపు కొట్టించినా అంతే. రబ్బరు బుష్‌ల బోల్టులు కారు గాల్లో ఉండగా బిగించినా బుష్ మెలితిరిగి కారును కొంచెం ఎత్తి పడుతుంది. ఆ బోల్టులు వదులు చేసి, సీట్లలో ఇద్దరిని కూర్చోబెట్టి, చక్రాలు నేల మీద ఉండగా మళ్లీ బిగించాలి. ఇంత చేస్తే సగం సమస్య ఖర్చు లేకుండానే తీరిపోవచ్చు.

తప్పు కమాన్ అని తేలితే సరైనది తెప్పించుకోండి. కమాన్ సరైనదే అయితే దానికీ డిఫరెన్షియల్‌కూ మధ్య అల్యూమినియం దిమ్మె పెట్టించండి. దిమ్మె ఎంత మందమో కారు దాదాపు అంతే దిగుతుంది. కమాన్‌ను బిగించే స్టడ్‌లు (మర కడ్డీలు) పొడుగువి వేయాలి, పాతవాటితోనే రెండు చుట్లు మర పట్టించి సరిపెడతానంటే ఒప్పుకోకండి. పట్టీ తీసేయడం మాత్రం ససేమిరా వద్దు. ఈ కారులో కమాన్ కట్ట బరువు మోయడంతో పాటు చక్రం పై భాగాన్ని పట్టి ఉంచేది కూడా. ఒక పట్టీ తగ్గితే ఆ భారం మిగతా పట్టీల మీద, ముఖ్యంగా పెద్ద పట్టీ మీద పడుతుంది. అది విరిగిన రోజున చక్రానికి పైన ఆధారం ఉండదు.

వెనక షాక్ అబ్జార్బర్ పొడుగు కూడా కొలిపించండి. చక్రం కిందికి ఎంతవరకు వేలాడవచ్చో తేల్చేది అదే. చేతికి దొరికిందని వేరే కారుది పొడుగైనది వేస్తే, దిమ్మె పెట్టి సంపాదించుకున్నదంతా పోతుంది. పని పూర్తయ్యాక వెనక చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి. చాలా షాపుల్లో ముందు చక్రాలే చూసి పంపేస్తారు. మీ కారులో చక్రం నుంచి బాడీకి వచ్చే రాడ్ల దగ్గర షిమ్‌లు అనే పలచటి రేకులు ఉంటాయి, వాటితో వెనక చక్రాలను కూడా సరిచేయవచ్చని వాళ్లకు మీరే చెప్పండి.

ఇక ముందు భాగం. అక్కడ చక్రాన్ని పైనా కిందా పట్టుకునే రెండు విష్‌బోన్‌లు (చేతులు), షాక్ అబ్జార్బర్ చుట్టూ కాయిల్ స్ప్రింగ్ ఉన్న మంచి అమరిక ఉంది. దానికి ఏ జబ్బూ లేదు. దించితే మిగిలేది అందం మాత్రమే, పోయేది చక్రం పైకి కదిలే జాగా. ఆ జాగా మన రోడ్ల మీద ఎంత అవసరమో లెక్క చూడండి. స్పిట్‌ఫైర్ కింద ఉన్న ఖాళీ సుమారు 5 అంగుళాలు, అంటే 12.7 సెంటీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. మీ కారు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ దూరం 2.1 మీటర్లే, కాబట్టి నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీదే ఉంటాయి. లెక్క వేస్తే కారు నడుము కింద దాని గుబ్బ మూడున్నర సెంటీమీటర్లు కూడా లేవదు. రెండంగుళాలు దించిన కారు కూడా మెల్లగా దాటిపోతుంది.

కానీ అన్నానగర్ లోపలి వీధుల్లో అలాంటివి మీకు ఎన్ని కనిపిస్తాయి? రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన జానెడు వెడల్పు దిబ్బ మీద ముందు చక్రాలు దాటి, వెనక చక్రాలు ఇంకా ఎక్కక ముందు, ఆ 10 సెంటీమీటర్లూ నేరుగా కారు పొట్ట కిందే ఉంటాయి. 12.7 నుంచి రెండంగుళాలు తీసేస్తే మిగిలేది 7.6. సైలెన్సర్ పైపు జాయింటు మొదట పోతుంది, తర్వాత ఇంజన్ ఆయిల్ చాంబర్ వంతు. వానాకాలంలో నీళ్లలో మునిగిన గుంతల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ముందు భాగం కొంచెమైనా దిగితేనే మనసు ఒప్పుతుందంటే టైర్ల వైపు చూడండి. మార్క్ 3కి 145 సైజు 13 అంగుళాల టైర్లు సరిపోతాయి. 145/80 ఆర్13 ఎత్తు 562 మిల్లీమీటర్లు. 155/65 ఆర్13 వేస్తే 532. కారు అన్ని వైపులా 15 మిల్లీమీటర్లు దిగుతుంది, సస్పెన్షన్‌లో ఏదీ ముట్టుకోనక్కర్లేదు. స్పీడోమీటర్ దాదాపు ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది, అది గుర్తుంటే చాలు. నచ్చకపోతే పాత టైర్లు మళ్లీ వేసుకోవచ్చు.

ముందు భాగంలో మీరు నిజంగా డబ్బు పెట్టాల్సింది ట్రనియన్‌ల మీద. స్టీరింగ్ తిరిగేటప్పుడు చక్రం మోసే స్తంభం కింది చివర ఆ ఇత్తడి రంగు దిమ్మెలో స్క్రూ లాగా తిరుగుతుంది. దానికి గ్రీజు పెట్టే అలవాటు మన గ్యారేజీల్లో ఉంది. దానికి పోయాల్సింది గేర్ ఆయిల్, 90 నంబరుది. గ్రీజు గట్టిపడి లోపల మర పొడిబారితే, స్తంభం తుప్పు పట్టి ఏదో ఒక రోజు విరుగుతుంది, చక్రం పక్కకు పడిపోతుంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకునే కారు కాబట్టి చూడటం సులువు. మహాబలిపురం ప్రయాణానికి ముందు రెండు వైపులా విప్పించి, స్తంభం మరలు తుప్పు పట్టలేదని కళ్లతో చూసుకోండి.

ప్రశ్న: స్ప్రింగ్ కోయడం తప్పని అందరూ అంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. మా ప్రీమియర్ పద్మిని ముందు స్ప్రింగులు ఒక్క చుట్టు కోస్తే ఏమవుతుంది? – పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: స్ప్రింగ్‌లో చుట్లు తగ్గితే బిగువు పెరుగుతుంది. పది చుట్లు పనిచేసే స్ప్రింగ్‌లో ఒకటి కోస్తే 11 శాతం గట్టిపడుతుంది. ఇది పెద్ద ప్రమాదం కాదు, నిజానికి దించిన కారుకు కొంత గట్టి స్ప్రింగే కావాలి. ప్రమాదం కోసిన చివర దగ్గర ఉంది. ఫ్యాక్టరీ స్ప్రింగ్ చివర దాని పళ్లెంలో సరిగ్గా కూర్చునేలా చేసి ఉంటుంది. కోసిన చివర ఒకే అంచు మీద ఆనుతుంది, గుంతలో చక్రం వేలాడినప్పుడు స్థానం తప్పుతుంది. గ్యాస్ మంటతో కోస్తే ఇంకా చెడ్డది, ఆ వేడికి ఉక్కు పదును పోయి అక్కడే విరుగుతుంది.

తక్కువ ఎత్తుకు కొత్త స్ప్రింగులు చుట్టించుకోండి. చుట్టేవాళ్లకు తీగ మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచి ఇవ్వాలి. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మార్చకుండా 10 మిల్లీమీటర్ల తీగ బదులు 11 వాడితే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. "ఒక్క మిల్లీమీటరే కదా" అని చుట్టి ఇచ్చిన స్ప్రింగుల మీద నడిచిన పద్మినిలో కూర్చుంటే నడుము విరిగినంత పనవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారి 1968 స్టాండర్డ్ హెరాల్డ్‌కు వింటేజ్ నంబరు తీసుకోవాలనుకుంటున్నాం. వెనక భాగం కొంచెం దించితే అర్హత పోతుందా? – పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు 50 ఏళ్లు నిండి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో మార్పులు చేసి ఉండకూడదు. పైన స్పిట్‌ఫైర్‌కు చెప్పినట్టు బోల్టులతో బిగించి, మళ్లీ విప్పగలిగే దిమ్మెకు చాసిస్ కోయడం, వెల్డింగ్ చేయడం అవసరం లేదు. అయినా దరఖాస్తు పెట్టి తనిఖీ చేయించుకునే దాకా కారును అసలు ఎత్తులోనే ఉంచండి. తీసిన పాత భాగాలు ఏవైనా చీటీ కట్టి దాచండి. తర్వాత దించాలనుకుంటే ఆర్టీవో కార్యాలయంలోనూ, బీమా కంపెనీకీ రాతపూర్వకంగా తెలిపి చేయించండి.

ఇంకో మాట, ఇది పైన రాసిన అన్నానగర్ బాబుకు కూడా. వీఏ అక్షరాలతో ఇచ్చే ఆ నంబరుకు రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ నంబరున్న కారును ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తీసుకెళ్లవచ్చు గానీ మామూలు వాడకానికి తిప్పకూడదు. ప్రతి ఆదివారం మహాబలిపురం వెళ్లాలన్న కోరిక ఉంటే, ఇప్పుడున్న మామూలు రిజిస్ట్రేషన్‌నే గడువు తీరకుండా రెన్యూ చేయించుకుంటూ ఉండండి.