పర్లాకిమిడి షెడ్డులో తాతగారి ఎంజీఏ: ముందు ఇంజిన్ కాదు, అడుగు భాగం చూడండి

పాతికేళ్లుగా షెడ్డులోనే ఉన్న తాతగారి 1958 ఎంజీఏ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు)కి ముందు ఇంజిన్ విప్పించాలా అని అడిగారు. వద్దండీ. నేను అలాగే చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

మాది బరంపురం. మా మావయ్యదీ ఇదే కారు. దాని 1489 సీసీ ఇంజిన్, మన పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వారి ఒకే ఇంజిన్ రకానివి, బి-సిరీస్‌వి. అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రి దొరికితే ఇంజిన్‌కి టెన్షన్ లేదు. మాది స్టార్ట్ కాగానే ఆ సంతోషంలో పెయింటింగ్ షెడ్డుకి పంపేశాను. అక్కడ తుప్పు కోయకుండా పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు. ఒక్క వానాకాలం గడిచేసరికి తలుపు కింది పట్టీ మీద కందిపప్పంత పొక్కులు లేచాయి. గోరుతో గీకితే రంగు పెచ్చులా ఊడింది, తడి తుప్పు వేలికంటుకుంది. అది చూసి మావయ్య ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయారు.

అందుకే ముందు ఒక అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి మడ్‌గార్డుల మీద, తలుపు కింది పట్టీల మీద జరపండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టే. తలుపులు, బానెట్, డిక్కీ పై రేకులు అల్యూమినియంవి, అక్కడ అంటుకోకపోతే కంగారు పడకండి. ఈ కారు ఫ్లోర్ ప్లైవుడ్. అది తీసేసి ఛాసిస్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, వాటి యాసిడ్ కారి కింది ట్రేలు తినేస్తుంది. అన్నట్టు దీనికి బాడీకి కలిపేది పాజిటివ్ వైరు. ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.

టింకరింగ్‌లో కింది పట్టీ కోసేముందు తలుపు సందుకి అడ్డంగా రాడ్ వెల్డ్ చేయించండి. లేకపోతే బాడీ కుంగి, తలుపు మళ్లీ సరిగా పడదు. తలుపులు, బానెట్ బిగించి సందులు సరిచూసుకున్నాకే రంగు.

బిగుసుకున్న ఇంజిన్‌ని సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో ఆయిల్ పోసి, నాలుగు రోజులాగి చేత్తో తిప్పండి.

ఖర్చు పెట్టేముందు ఆర్సీ వెతకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, కొత్తగా చేయించాలంటే ఫీజు 20,000 రూపాయలు. దానితో రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు.

ఫ్లోర్ తీశాక ఛాసిస్, బ్యాటరీ ట్రేల ఫొటోలు ఇక్కడే పెట్టండి. ఎక్కడ కోయాలో చూసి చెబుతాను.