పాత ఇంటికి పెట్టే డబ్బు: ముందు పైకప్పు, చివర సోలార్

ప్రశ్న: మా రెండంతస్తుల ఇల్లు కట్టి పాతికేళ్లయింది. ఎండాకాలం పై అంతస్తులో ఉండలేకపోతున్నాం. ఏసీలు రెండూ పాతవే. మామూలు నెలల్లో 250 యూనిట్లు, ఎండలు మండే నాలుగు నెలలూ 600 యూనిట్ల చొప్పున కాలుతున్నాయి. వానాకాలం శ్లాబు ఒక మూల ఉరుస్తుంది. ఎనిమిది నెలల ఇంటి ఖర్చుకు సరిపడే డబ్బు డిపాజిట్‌లో ఉంది. ఇంటి లోను ఇంకా నడుస్తోంది. పదేళ్ల లోనుతో 5 కిలోవాట్ల సోలార్ పెట్టుకోమనీ, ఈఎమ్‌ఐ ఇప్పటి కరెంటు బిల్లుకు మించదనీ ఒక కంపెనీవాళ్లు అంటున్నారు. పడగొట్టి కొత్తది కట్టుకుందామంటాడు మా తమ్ముడు. వాతావరణానికి మేలు జరగాలి, మేము అప్పుల్లో కూరుకుపోకూడదు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: పైకప్పుతో. సోలార్ మంచిదే, కానీ దాని వంతు చివర్లో వస్తుంది.

ముందు మీ తమ్ముడి మాట చూద్దాం. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. నిలబడి ఉన్న పునాదులకు, స్తంభాలకు, గోడలకు ఆ కార్బన్ ఖర్చు ఎప్పుడో అయిపోయింది. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి ఇల్లు గట్టిగా ఉందంటే పడగొట్టే ఆలోచన మానుకోండి. కాంక్రీటు పెచ్చులూడి లోపలి ఇనుము తుప్పు కనిపిస్తుంటే మాత్రం మిగతా పనులన్నీ ఆపి, ఆ మరమ్మతు ముందు చేయించాలి.

ఇక మీ యూనిట్ల లెక్క. మామూలు ఎనిమిది నెలలకు 2,000, ఎండాకాలం నాలుగు నెలలకు 2,400, వెరసి ఏడాదికి 4,400. ఎండ బాగా కాసే చోట 1 కిలోవాట్ సోలార్ ఏడాదికి 1,200 నుంచి 1,500 యూనిట్లు ఇస్తుంది. అంటే 5 కిలోవాట్లు ఇచ్చేది కనీసం 6,000. మీ వాడకానికి ఇప్పుడే అది ఎక్కువ. వాడకం తగ్గించాక ఇంకా ఎక్కువవుతుంది. గ్రిడ్‌కు పంపే మిగులు యూనిట్లకు చాలాచోట్ల మీరు కొనే ధర రాదు. అవసరం లేని ప్యానెళ్ల కోసం పదేళ్లు ఈఎమ్‌ఐ కట్టడం ఎందుకు?

డబ్బు పెట్టే ముందు ప్రతి పనికీ రెండు అంకెలు రాసుకోండి: ఏటా మిగిలేదెంత, ఆ వస్తువు ఎన్నేళ్లు పనిచేస్తుంది. 100 ఖర్చు పెడితే ఏటా 20 చొప్పున 15 ఏళ్లు మిగిలితే అది ఏడాదికి దాదాపు 18 శాతం రాబడి. అదే ఏటా 10 మాత్రమే మిగిలితే రాబడి 5.5 శాతం దగ్గర ఆగిపోతుంది. లోను వడ్డీ అంతకంటే ఎక్కువైతే ఆ పని అప్పుతో చేయకూడదు. కరెంటు ధర పెరిగితే రాబడి కొంత పెరుగుతుంది గానీ, దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

మీ డిపాజిట్‌లో ఆరు నెలల ఖర్చును ముట్టుకోవద్దు. మిగిలిన రెండు నెలల మొత్తంతో మొదటి విడత పనులు చేయించండి.

మొదటిది, ఉరుస్తున్న మూల. శ్లాబు మీద నీళ్లు నిలిచే చోటును గుర్తించి, వాననీటి గొట్టం వైపు 100కు 1 వాలు ఉండేలా సరిచేయించి, పగుళ్లు నింపి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. దీనివల్ల బిల్లు తగ్గదు. అయినా ఇదే ముందు. తడి శ్లాబు మీద ఏ పూతా నిలవదు. సోలార్ స్టాండ్లు బిగించాక లీకు బయటపడితే ప్యానెళ్లు విప్పి, మళ్లీ బిగించే ఖర్చు మీదే.

రెండోది, తెల్లని కూల్ రూఫ్ పూత. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత మీద పడే ఎండలో దాదాపు 80 శాతాన్ని వెనక్కి కొడుతుంది. రెండు మూడేళ్ల దుమ్ముకు అది 60 శాతం దరిదాపులకు పడిపోతుంది. అందుకే ఎండాకాలం ముందు ఏటా కడగాలి, కొన్నేళ్లకొకసారి మళ్లీ వేయించాలి. పూత పొరలుగా లేస్తోందంటే తప్పు ఎక్కువగా పెయింటుది కాదు: నాచు గీకకుండానో, తడి ఆరకుండానో వేసుంటారు. ఏడాదిలో చలినెలలే ఎక్కువున్న చోట మాత్రం దీనివల్ల లాభం తక్కువ. అక్కడ ఇన్సులేషన్‌కే, అంటే వేడి దాటకుండా అడ్డుకునే పొరకే మొగ్గు చూపాలి.

ఇన్సులేషన్ ఖరీదైన పని. అసలు ఫలితం మాత్రం దీనిదే. 150 మిల్లీమీటర్ల ఒట్టి శ్లాబు గుండా దిగే వేడి, దానిపై 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీట్లు (నీళ్లు అంతగా పీల్చని గట్టి ఫోమ్ పలకలు) పరిస్తే దాదాపు ఆరో వంతుకు తగ్గుతుంది. షీట్లు వాటర్‌ప్రూఫింగ్ పొర మీద, సందుల్లేకుండా పరవాలి. మామూలు థర్మాకోల్ నీళ్లు పీల్చుకుంటుంది, తడిసిన ఇన్సులేషన్ వేడిని సరిగా ఆపదు. షీట్ల మీద వేసే 50 మిల్లీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకు 115 కిలోల దాకా బరువు. పాతికేళ్ల శ్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరు చేత రాయించుకోకుండా పని మొదలుపెట్టకండి. ఈ పనికి ఇంటి లోను మీద టాప్-అప్ (ఉన్న లోనుకు అదనంగా ఇచ్చే అప్పు) తీసుకోవచ్చు, వడ్డీ సాధారణంగా పర్సనల్ లోనుకన్నా తక్కువ. అదే టాప్-అప్‌లో కొన్నేళ్లే నిలిచే పెయింటు ఖర్చును కలిపేస్తే, పూత పోయాక కూడా దాని వాయిదాలు కడుతూనే ఉంటారు. పూతకు చేతి డబ్బు, ఇన్సులేషన్‌కు లోను.

ఫ్యాన్ల సంగతి తేలిక. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం మోటారుది) 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 12 గంటలు తిరిగే నాలుగు ఫ్యాన్లు మారిస్తే రోజుకు రెండు యూనిట్లు మిగులుతాయి, ఏడాదిలో 240 రోజులు వాడినా 500 దాటుతుంది. పడమటి కిటికీలకు ఎండను బయటే ఆపే చెక్కతడకో, నీడతెరో కట్టించండి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చినట్టు.

ఏసీలను ఇప్పుడే మార్చకండి. పైకప్పు పనయ్యాక ఒక ఎండాకాలం గడవనివ్వండి. అప్పుడు 1.5 టన్నుల గదికి 1 టన్ను చాలని తేలవచ్చు. అవసరానికి మించిన ఏసీ మాటిమాటికీ ఆగుతుంది, ఉక్కపోతను సరిగా తీయదు. మార్చేటప్పుడు పాత ఏసీలోని గ్యాసును సిలిండరులోకి తీయమని గట్టిగా అడగండి. ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాసు 1 కిలో గాల్లో కలిస్తే 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పాత ఏసీల్లోని ఆర్-22 గ్యాసు కూడా 1.8 టన్నులు. గొట్టం కోసి గ్యాసు వదిలేసేవాళ్లు చాలామంది. ఒక్క నిమిషంలో ఏళ్ల పొదుపు ఆవిరైపోతుంది.

ఇవన్నీ అయ్యాక మీ వాడకం 3,200 యూనిట్ల దగ్గరికి వస్తుందని నా అంచనా. దానికి రెండున్నర కిలోవాట్ల సోలార్ చాలు. అప్పుడు ఈఎమ్‌ఐని పోల్చాల్సింది తగ్గిన బిల్లుతోనే గానీ ఇప్పటి బిల్లుతో కాదు. ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేసినా, వాటి కరెంటును ఇంటి వాడకానికి తగ్గట్టు మార్చే ఇన్వర్టరును మధ్యలో ఒకసారి మార్చక తప్పదు. ఆ ఖర్చును లెక్కలో కలిపారో లేదో అడగండి. మబ్బు నెలల్లో ఉత్పత్తి పడిపోయినా ఈఎమ్‌ఐ తగ్గదు కాబట్టి, మూడు వాయిదాల మొత్తం పక్కన పెట్టుకున్నాకే సంతకం చేయండి.

పైకప్పు కాంట్రాక్టరుకు 10 శాతం డబ్బు ఒక వానాకాలం గడిచాక ఇస్తానని ఒప్పందంలోనే రాయించండి. నెలనెలా బిల్లు మొత్తం కాకుండా యూనిట్లు రాసుకుని, పోయినేడాది అదే నెలతో పోల్చండి. ఇల్లు చల్లబడింది కదా అని 26 డిగ్రీల్లో నడిపే ఏసీని 22కు దించితే, మిగిల్చినదంతా ఆ పట్టికలోనే కరిగిపోతూ కనిపిస్తుంది.