అడగండి చెబుతాం: కొత్త ప్రోగ్రాముల చమత్కారాలు

ప్రశ్న: మాటల్ని అక్షరాల్లో పెట్టే విస్పర్‌ని సబ్‌టైటిల్ ఎడిట్ అనే సబ్‌టైటిల్స్ ప్రోగ్రాంలో వాడి చూస్తున్నాను. ఇంగ్లీషు ఉపన్యాసం దాదాపు పొల్లు పోకుండా వచ్చింది. తాతగారు చెప్పిన కథ పెడితే కన్నడ అక్షరాలు వచ్చాయి. భాష తెలుగని ఎంచుకున్నాక, సగంలో ఒకే వాక్యం పట్టుకుని పేజీ అంతా అదే రాసింది. ర్యామ్ 8 జీబీ. లోపం నా కంప్యూటర్‌దా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కంప్యూటర్‌ది కాదు. విస్పర్ ఆడియోని 30 సెకన్ల ముక్కలుగా వింటుంది. భాష ఏదో మీరు చెప్పకపోతే మొదటి ముక్క విని తనే తేల్చేసుకుంటుంది. ఆ ముక్కలో దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు, "ఊఁ, ఎక్కడున్నాం" తప్ప ఇంకేం లేకపోతే తెలుగుని కన్నడం అనుకోవడంలో వింతేముంది! భాష ఎప్పుడూ మీరే ఎంచుకోండి.

ఒకే వాక్యం తిరగడానికి కారణం వేరు. ఒక ముక్కకి రాసిన పాఠాన్ని తర్వాతి ముక్కకి ఆసరాగా తీసుకుంటుంది. పేర్ల స్పెల్లింగు మారకుండా ఉండేందుకు పెట్టిన ఏర్పాటు అది. తాతగారు కాసేపు ఆగారనుకోండి, వినడానికి ఏమీ లేక పాత వాక్యాన్నే మళ్లీ రాస్తుంది. రెండుసార్లు రాసిందంటే మూడోసారికి ఆసరా ఇంకా బలం. గీత పడ్డ రికార్డులా అక్కడే తిరుగుతుంది. మాట లేని చోట అసలెవరూ అనని మాటలు పుట్టించడమూ దానికి అలవాటే.

ముందు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఆడియో తెరిచి, ఎఫెక్ట్ మెనూలోని ట్రంకేట్ సైలెన్స్‌తో మౌనాలను అర సెకనుకి కుదించండి. ఎంతకన్నా తక్కువ శబ్దాన్ని మౌనంగా లెక్కించాలో చెప్పే హద్దుని మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర పెడితే మెల్లగా అన్న మాటలూ ఎగిరిపోతాయి. మైనస్ 40తో మొదలుపెట్టండి. ఒక చిక్కుంది: ఇలా కుదిస్తే సమయాలు మారిపోతాయి, వీడియోకి సబ్‌టైటిల్స్‌గా పనికిరావు. పాఠం మాత్రమే కావాలంటే ఇబ్బంది లేదు.

ఇక మోడల్, అంటే విస్పర్ వాడే నేర్చుకున్న ఫైలు. స్మాల్ 466 ఎంబీ, మీడియం 1.5 జీబీ, లార్జ్ 2.9 జీబీ. ఇంగ్లీషుకి స్మాల్ చాలు, తెలుగుకి మీడియం కంటే కిందకి దిగొద్దు. 2022లో వచ్చిన మొదటి విస్పర్‌కి నేర్పిన 6,80,000 గంటల ఆడియోలో ఇంగ్లీషు కాక మిగతా 96 భాషలకూ కలిపి దక్కింది 1,17,000 గంటలే. తాతగారి యాసకి అందులో ఎంత వాటా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందుకని గంట ఆడియో ఒకేసారి వదలకుండా రెండు నిమిషాల ముక్క కత్తిరించి, మోడళ్లు మార్చి పోల్చి చూడండి. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు ముందు తప్పుతాయి.

సరదాకి ఇంకోటి: ఇంగ్లీషులోకి అనువదించమనే గడిలో టిక్ పెట్టండి. తెలుగు కథ నేరుగా ఇంగ్లీషులో దిగుతుంది. టర్బో అనే ఇంకో మోడల్‌తో మాత్రం ప్రయత్నించకండి, దానికి అనువాదం నేర్పలేదు.

ప్రశ్న: ఎవ్రీథింగ్ అనే చిన్న ప్రోగ్రాం రెండక్షరాలు కొట్టేలోపే ఫైలు చూపిస్తోంది. విండోస్ వెతుకులాట ఎందుకంత నిదానం? పెన్‌డ్రైవ్‌లోవి మాత్రం కనిపించడం లేదు.
– కరీంనగర్

జవాబు: అది ఫోల్డర్లలోకి దూరి వెతకదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి) డిస్కులో ప్రతి ఫైలు పేరూ ఉండే మాస్టర్ ఫైల్ టేబుల్ అనే చిట్టాని నేరుగా చదివి ర్యామ్‌లో పెట్టుకుంటుంది. విండోస్ సొంత వెతుకులాట ఫైళ్ల లోపలి పాఠాన్నీ చూస్తుంది కాబట్టి దాని భారం వేరు. మీ పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 అనే వేరే పద్ధతుల్లో ఏదో ఒకదాంట్లో ఉండి ఉంటుంది, వాటికి ఆ చిట్టా ఉండదు. టూల్స్, ఆప్షన్స్, ఇండెక్సెస్, ఫోల్డర్స్‌కి వెళ్లి ఆ డ్రైవ్‌ని చేర్చండి. ఒకే పేరున్న ఫైళ్లని చూపే డ్యూప్ ఆదేశం తమాషాగా ఉంటుంది గానీ, అది పోల్చేది పేర్లనే, లోపలి సరుకుని కాదు. ఆ జాబితా చూసి డిలీట్ కొట్టకండి.

ప్రశ్న: కొత్త ప్రోగ్రాముల్ని కంప్యూటర్ పాడవకుండా రుచి చూడటం ఎలా?
– విజయనగరం

జవాబు: విండోస్ ప్రో ఉంటే శాండ్‌బాక్స్ ఉంది, అసలు కంప్యూటర్‌కి అంటకుండా ప్రోగ్రాములు నడిపి చూసే విడి కిటికీ అది. హోమ్‌లో లేదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా వచ్చే సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేసి, విండోస్ ఫీచర్స్ జాబితాలో శాండ్‌బాక్స్‌కి టిక్ పెట్టి రీస్టార్ట్ చేయండి. ర్యామ్ కనీసం 4 జీబీ కావాలి, 8 ఉంటే హాయి. ఇన్‌స్టాలర్‌ని కాపీ చేసి అందులో పేస్ట్ చేయొచ్చు. కిటికీ మూయగానే అందులోదంతా తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి మీకు కావాల్సిన ఫలితాన్ని ముందే బయటికి కాపీ చేసుకోండి. లోపల ఇంటర్నెట్ మామూలుగానే పనిచేస్తుంది. అందుకని బ్యాంకు పాస్‌వర్డులు మాత్రం అక్కడ కొట్టొద్దు.