బందరు కోట పాత పటాలు నాకు ఎలా దొరికాయంటే

మీరు అడిగింది బందరు కోటలో సైన్యం ఉన్నప్పటి పటాలు ఎక్కడ దొరుకుతాయని, ఇప్పుడు మిగిలిన గోడలు అప్పట్లో దేనివో ఎలా తెలుసుకోవాలని. మా అమ్మమ్మగారిది బందరే. సెలవులకి వెళ్లినప్పుడల్లా కోటలోని ఆయుధాగారం గోడల పక్కనే ఆడుకునేవాళ్లం. మూడేళ్లుగా ఈ పటాల వెంటే తిరుగుతున్నాను కాబట్టి నాకు పనికొచ్చిన దారి చెబుతాను.

బందరు ఇప్పటి పేరు ‘మచిలీపట్నం’ అని వెతుకుతూ నేను నాలుగైదు నెలలు పోగొట్టుకున్నాను. పాత జాబితాల్లో ఆ పేరు దాదాపు కనిపించదు. ఇంగ్లీషువాళ్లు మసూలిపటం అన్నారు, ఫ్రెంచివాళ్లు మజూలిపటన్ అని రాశారు. పేరుకన్నా ముఖ్యం, మీకు కావలసిన ఏడాదికి కోట ఎవరి చేతిలో ఉందన్నది. ఎవరి చేతిలో ఉంటే పటం వాళ్ల దేశానికే చేరింది. 1750 నుంచి 1759 దాకా ఫ్రెంచివాళ్లది కాబట్టి ఆ కాలానికి పారిస్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైటు చూడండి, ఉచితం. డచ్చివాళ్ల వర్తక స్థావరం కూడా కావాలంటే హేగ్‌లోని నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్. 1759 తర్వాతిదంతా ఇంగ్లీషువాళ్ల ఖాతా. దాని కోసం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డులు, మన దగ్గర చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్.

ఇంకో సంగతి. దాడి చేసినవాడు గీయించిన పటం వేరు, లోపల కాపురమున్నవాడు గీయించిన పటం వేరు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ రాత్రిపూట ఈ కోట పట్టుకున్నాడు. కోట చుట్టూ చిత్తడే, అందులోంచే ఒక దళాన్ని నడిపించాడు. అలాంటి ముట్టడి పటాల్లో బురుజులు, కందకం, ఫిరంగులు నిలిపిన చోట్లు బాగా తెలుస్తాయి. చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ సేకరించిన పటాలూ కాగితాలూ బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. కోట లోపల సైనికులుండే బారకాసులు, ఆసుపత్రి, మందుగుండు కొట్టు, బావులు మాత్రం కోటలో పనిచేసిన ఇంజినీర్ల పటాల్లోనే వెతకాలి. అవి 1864కు ముందువై ఉండాలి. ఆ ఏడాది నవంబరు 1 రాత్రి తుపాను ఉప్పెనకు సుమారు 30,000 మంది పోయారు. ఆ మరుసటి ఏడాది సైన్యం ఇక్కణ్ణుంచి వెళ్లిపోయింది. వీటన్నిటికన్నా ముందు గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్, అంటే జిల్లా చరిత్రా వివరాల పుస్తకం, చదవండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. ఏ ఏడాది కాగితాలు అడగాలో తెలియాలంటే అదే మొదలు.

సైన్యం ఖాళీ చేసిన భూమి రెవెన్యూ లెక్కల్లోకి వస్తుంది కాబట్టి గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నెంబర్ల కొలతల పుస్తకం) కూడా అడగండి. గోడ కూలిపోయినా దాని గీత చాలాచోట్ల సర్వే నెంబరు హద్దుగా మిగిలిపోతుంది. ఒక ఆఫీసులో నన్ను మూడుసార్లు తిప్పి, చివరికి పటం చినిగిపోయిందన్నారు. చాలా బాధేసింది. మీరు వెళితే నోటిమాటగా అడగకుండా దరఖాస్తు రాసిచ్చి, రసీదు తీసుకోండి.

పటం దొరికాక దాన్ని ఇప్పటి శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెట్టడమే అసలు పని. నేను ఇంగ్లీషువాళ్ల కాలపు సర్వే పటం, ఇండియన్ అట్లాస్ షీటును, రేఖాంశాల ప్రకారం క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పెడితే కోట సముద్రంలో పడింది! రెండు రోజులు ఒకటే టెన్షన్. తర్వాత తెలిసింది, మన దేశపు పాత సర్వే పటాల్లో రేఖాంశాలకు ఆధారమైన మద్రాసు అబ్జర్వేటరీ రేఖాంశమే 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా లెక్కించారని. బందరు దగ్గర అది నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. అంత తీసేస్తే కోట దాని చోటికి వచ్చింది. ఫ్రెంచి పటమైతే రేఖాంశం పారిస్ నుంచి లెక్క, అంటే గ్రీనిచ్‌కు 2 డిగ్రీల 20 నిమిషాల తేడా. కొలతలు తువాజులనే పాత ఫ్రెంచి కొలమానంలో ఉంటాయి, ఒక్కోటి దాదాపు 1.95 మీటర్లు. ఉత్తరం పైనే ఉందనుకోకండి, దిక్కు గుర్తు చూసుకోండి. తీరం గీతను ఆధారంగా పట్టుకోవద్దు, రేవు కాలువలు దారి మార్చుకుంటూనే ఉంటాయి. నిలిచి ఉన్న కట్టడాల మూలలనే పట్టుకోండి.

నేను ఫిబ్రవరిలో పటం ప్రింటు చేతపట్టుకుని వెళ్లాను. నేల ఎండి ఉంటుంది, తుమ్మకంపలోకి కాస్త దూరవచ్చు. పటంలో బురుజు మూల ఉన్నచోట నాకు కనిపించింది మోకాలెత్తు మిట్ట ఒక్కటే. కాలితో మట్టి తోస్తే సున్నం అంటుకున్న ఇటుక ముక్క బయటపడింది. దాని పక్కనే తుంగ మొలిచిన పల్లం సూటిగా ఒకే గీతలా సాగింది, పటంలో కందకం ఉన్నవైపే. అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. ఆ ముక్కను అక్కడే వదిలేశాను. మీరూ ఏదీ కదపకండి, ఫోటో తీసి, ఫోన్లో లొకేషన్ గుర్తుపెట్టుకుంటే చాలు.

మీ దగ్గర ఇప్పటికే ఏదైనా పటం ఉంటే కొలత గీత, దిక్కు గుర్తు, అంచుల్లో ఉన్న రాత కనిపించేలా ఫోటో పెట్టండి. స్కేలు నేను లెక్కగట్టి చెబుతాను.