సంపు మోటరు ఆడుతోందో లేదో పై అంతస్తులో తెలియాలంటే

మీ బాధ అర్థమైంది: బేస్‌మెంట్‌లో సంపు మోటరు, వాచ్‌మన్ వేసి మర్చిపోతాడు, ట్యాంకు పొంగిపోతుంది. వైరు కోయకుండా, మోటరు ఆడుతోందో లేదో మూడో అంతస్తులో ఫోన్లో కనబడాలి. బెంగళూరులో మారతహళ్లి పక్కన మా అపార్ట్‌మెంట్లోనూ ఇదే గోల. ఆంపియర్లు చూడటమే దారి.

స్టార్టర్ అవుట్‌పుట్‌లో ఓల్టేజి చూస్తే చాలదా అని చాలామంది అంటారు. చాలదు. మోటరు వేడెక్కి లోపలి థర్మల్ ప్రొటెక్టర్ తెగితే, టెర్మినల్ దగ్గర 230 ఓల్టులు భేషుగ్గా ఉంటాయి, మోటరు మాత్రం కదలదు.

ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఎస్‌సీటీ-013 అని అడగండి. క్లిప్పులా తెరుచుకునే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తారు. దాని ఒంటి మీద రాసింది చదివాకే డబ్బులివ్వండి. 100ఏ:50ఎంఏ అని ఉంటే లోపల బర్డెన్ రెసిస్టర్ (కరెంటుని ఓల్టేజిగా మార్చేది) ఉండదు, మీరే వేసుకోవాలి. 30ఏ/1వీ అని ఉంటే లోపలే ఉంటుంది, ఆరు ఆంపియర్లకు 0.2 ఓల్టులు ఇస్తుంది. ఈ పనికి అదే హాయి. కరెంటు కొలిచే ఏసీఎస్712 బోర్డు చవకే గానీ, మెయిన్స్ వైరు కోసి దాని స్క్రూల కింద బిగించాలి. మోటరు స్టార్టింగులో మామూలుకి అయిదారు రెట్లు లాగుతుంది. తేమ పట్టే బేస్‌మెంట్‌లో ఆ బుల్లి స్క్రూలను నేను నమ్మను.

ఆ క్లిప్పులోకి, అంటే క్లాంపులోకి, ఒక్క వైరే పోవాలి. కేబుల్ మొత్తానికి తగిలిస్తే ఫేజులో వెళ్లేదీ న్యూట్రల్‌లో తిరిగొచ్చేదీ చెల్లుకుచెల్లు, రీడింగు సున్నా. ఫేజే కానక్కర్లేదు, న్యూట్రల్ అయినా ఒకటే. ప్యానెల్లో కెపాసిటర్ వైపు వైర్ల జోలికి పోకుండా, ఎంసీబీ నుంచి దిగే వైరుకే పెట్టండి. తెరిచే ముందు మెయిన్ కట్టేయాలి. ఎంసీబీ ఒక్కటే ఆపితే దాని పైవైపు కరెంటు ఉంటూనే ఉంటుంది. టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అయిదు నిమిషాల పని.

క్లాంపు ఇచ్చే సిగ్నల్ సున్నా కిందికీ దిగుతుంది, రీడింగుని వైఫైలో ఫోన్‌కి పంపే చిన్న బోర్డు ఈఎస్‌పీ32 దాన్ని చదవలేదు. రెండు 10కె రెసిస్టర్లతో 3.3 ఓల్టులను సగం చేసి, ఆ 1.65 మీద సిగ్నల్‌ని కూర్చోబెట్టండి. ఆ రెండు రెసిస్టర్లు కలిసే చోటు నుంచి గ్రౌండుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. మన 50 హెర్ట్జ్‌లో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు కాబట్టి 200 మిల్లీసెకన్ల పాటు చదివి, సగటు తీసేసి, ఆర్‌ఎంఎస్ (అంకెల వర్గాల సగటుకి వర్గమూలం) కట్టండి. మోటరు ఆగి ఉన్నా ఏదో చిల్లర అంకె వస్తూనే ఉంటుంది. అందుకని రెండు ఆంపియర్లు దాటి మూడు సెకన్లు నిలిస్తే ఆన్, ఒకటి కిందికి దిగి నిలిస్తే ఆఫ్ అని పెట్టుకోండి.

ఇంకో లాభం ఉంది, నాకైతే అదే పెద్దది. ఎండాకాలం ట్యాంకర్ రాకముందు సంపు అడుగంటితే, నీళ్లు ఎక్కకపోయినా మోటరు ఆడుతూనే ఉంటుంది. సీలు కాలేది అప్పుడే. ఎత్తే నీళ్లు లేవు కాబట్టి ఆంపియర్లు తగ్గుతాయి. కానీ సున్నాకు రావు, సింగిల్ ఫేజు మోటరు ఊరికే తిరిగినా బాగానే లాగుతుంది. మా వన్ హెచ్‌పీకి నీళ్లుంటే ఆరున్నర, లేకపోతే నాలుగున్నర దాకా. మా అంకెలు మీకు పనికిరావు. సంపు నిండుగా ఉన్న రోజు మీ రీడింగు రాసిపెట్టుకుని, దానిలో పావు వంతు తగ్గితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టండి.

క్లాంపు ప్యానెల్ లోపల, బోర్డు బయట ఉండాలి. ఇనప డబ్బాలోంచి వైఫై బయటికి సరిగ్గా రాదు. కరెంటు పోయినప్పుడు బోర్డు కూడా ఆగిపోయి, ఫోన్లో చివరి ‘ఆన్’ అలాగే నిలిచిపోతుంది. నిమిషం పాటు రీడింగు రాకపోతే ‘తెలీదు’ అని చూపించమని ప్రోగ్రాంలో రాయండి.