అరవై పెట్టెలకూ గన్ స్కిన్ రాలేదంటే

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. ఆటలో సీజన్ మొత్తం రాత్రి రెండింటి దాకా ఆడి, గన్ స్కిన్ (తుపాకీకి వేసే కొత్త రూపం) కోసం కాయిన్లన్నీ పోసి, లోపల ఏముందో తెలియని అరవై పెట్టెలు తెరిస్తే చొక్కాలు, స్టిక్కర్లే వచ్చాయి. 'నా అకౌంట్‌నే తొక్కుతున్నారా?' అని అడిగావు.

తొక్కక్కర్లేదు, లెక్కే అలా ఉంది. పెట్టె పక్కన చిన్న 'ఐ' గుర్తు ఉంటే నొక్కు, స్కిన్ వచ్చే అవకాశం ఎంతో చాలా ఆటల్లో అక్కడ రాసి ఉంటుంది. అది ఒక శాతమైతే అరవై తెరిచినా ఏమీ రాని వాళ్లు వందకు 55 మంది. వంద తెరిచినా 37 మంది ఉత్త చేతులే. పోయినసారి రాలేదు కాబట్టి ఈసారి వస్తుందనేది మన భ్రమ. ఒక్కో పెట్టె మళ్లీ మొదటి నుంచే. మన ఐనవోలు జాతరలో రింగులు విసిరే కొట్టు గుర్తుందా? అక్కడ కనీసం చెయ్యి మనది!

ఒక్కటి మాత్రం చూడు: 'ఇన్నిసార్లకు గ్యారంటీ' అనే కౌంటర్ (ఇన్ని పెట్టెలు తెరిస్తే స్కిన్ తప్పక వస్తుందనే లెక్క) ఉందా, సీజన్ మారితే అది సున్నా అవుతుందా అని. సున్నా అయ్యేదైతే, గ్యారంటీకి సరిపడా కాయిన్లు జమయ్యేదాకా ఒక్కటీ తెరవకు. నేను కాజీపేట హాస్టల్లో ఉన్నప్పుడు ఇది తెలియక మెస్ డబ్బులు పోగొట్టుకున్నా, ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

కౌంటర్ లేకపోతే షాపులో నేరుగా ధర పెట్టి అమ్మే స్కిన్ కోసం ఆగు. ఎలాగూ చాలా ఆటల్లో స్కిన్ రంగే మారుస్తుంది, దెబ్బ పెంచదు. ముందు గన్ వివరాల్లో డ్యామేజ్ అంకె చూసుకో. ఇంకోటి, నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ నీకు తెలుసన్నావు కదా, ఈ రోజే మార్చమను.