సెలవు రోజు రాత్రి మీ ఫ్యాక్టరీలోకి ఒకసారి వెళ్లి వినండి

"వ్యాపార సంస్థలు తమ కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎలా తగ్గించుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే మన పనుల వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల లెక్క. ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబులు సోలార్ ప్యానెళ్లు, ఎలక్ట్రిక్ బండ్లు, మొక్కలు. నేను పద్నాలుగేళ్లుగా ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఉన్నాను. నన్నడిగితే, ఏదైనా కొనేముందు ఎవరూ లేని వేళ ఏమేం ఊరికే తిరుగుతున్నాయో చూసి వాటిని ఆపాలి. దీనిమీద నాతో వాదించిన వాళ్లెవరూ సెలవు రోజు రాత్రి ఫ్యాక్టరీలో అడుగుపెట్టినవాళ్లు కాదు.

నేనూ కావాలని వెళ్లలేదు. మోటారు బేరింగ్ ఒకటి మార్చాల్సి వచ్చి, వారాంతపు సెలవు రోజు రాత్రి పది గంటలకు వెళ్లాను. లైన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. షెడ్డులో నేనూ, కంప్రెసర్ (మెషిన్లకు కావాల్సిన గాలిని ఒత్తి పైపుల్లోకి పంపే యంత్రం) రూమ్ చూసే పెద్దాయనా తప్ప ఎవరూ లేరు. పగలు ఆ షెడ్డులో పక్కమనిషి అరిచినా వినపడదు. ఆ రాత్రి మాత్రం నాలుగు దిక్కుల నుంచీ బుస్సుమని ఒకటే చప్పుడు. పాములపుట్టలో నిలబడ్డట్టుంది.

"ఏంటి బాబాయ్ ఈ చప్పుడు?" అన్నాను.

"గాలి సార్. రోజూ ఉండేదే. పగలు మీకు వినపడదు, అంతే."

ఒక్క మెషిన్ కూడా నడవడం లేదు. అయినా కంప్రెసర్ లోడ్ అవుతోంది (గాలి నింపుతోంది), అన్‌లోడ్ అవుతోంది (నింపడం ఆపి ఊరికే తిరుగుతోంది), మళ్లీ లోడ్ అవుతోంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. 80 సెకన్లు లోడ్, 120 సెకన్లు అన్‌లోడ్. పది సార్లు చూసినా అటూఇటుగా అంతే. గాలి వాడే మెషిన్ ఒక్కటీ లేనప్పుడు, లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే వచ్చేదే లీకుల వాటా. 80ని 200తో భాగిస్తే 40 శాతం. అంటే ఆ కంప్రెసర్ ఇవ్వగల గాలిలో 40 శాతం పైపుల కంతల్లోంచి పోతోంది. ఇదేదో మా ఒక్కళ్ల చేతకానితనం అనుకోకండి. పట్టించుకోని చోట 20 నుంచి 30 శాతం లీకులు మామూలే. మేం ఇంకో మెట్టు పైనున్నాం.

అది 90 కిలోవాట్ల స్క్రూ కంప్రెసర్. అన్‌లోడ్‌లో ఉన్నా పూర్తి లోడ్‌లో తాగేదాంట్లో మూడో వంతుకు దగ్గరగా కరెంటు తాగుతుంది. లెక్క కడితే ఖాళీ షెడ్డులో గంటకు 50 యూనిట్లు. సెలవు రోజు ఒక్కటికే 1200 యూనిట్లు. బొగ్గు కరెంటైతే యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్క వస్తువు కూడా తయారు చేయకుండా, సెలవు రోజున టన్నుకు పైగా.

అసలు ఇన్నేళ్లూ రాత్రిళ్లు కంప్రెసర్ ఎందుకు ఆపలేదని అడిగాను. ఎప్పుడో ఒకసారి ఆపితే పొద్దున లైన్ పది నిమిషాలు ఆలస్యంగా మొదలైందట. ఎవరో చీవాట్లు పెట్టారట. ఆ పెట్టినాయన ఉద్యోగం మానేసి కూడా ఆరేళ్లయింది!

ఇక్కడ కాస్త కడుపుమంట వెళ్లగక్కుకోవాలి. అంతకు రెండు నెలల ముందే మా దగ్గర పచ్చదనం కార్యక్రమం జరిగింది. 200 మొక్కలు నాటారు. పెద్దవాళ్లంతా పార పట్టుకుని ఫొటోలు దిగారు. వెనక ఫ్లెక్సీ, చేతుల్లో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. మొక్కలంటే నాకేం కోపం లేదు. కానీ బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది సుమారు 20 కిలోలని లెక్క వేస్తుంటారు. 200 మొక్కలూ బతికి, చెట్లై, ఏడాదంతా కష్టపడితే 4 టన్నులు. మా కంప్రెసర్ దాన్ని నాలుగు సెలవు రోజుల్లో తినేస్తుంది. ఆ మొక్కల్లో ఎన్ని బతికాయో అడక్కండి.

సరే, లీకుల దగ్గరికి వద్దాం. ఖరీదైన పరికరాలేవీ వాడలేదు. సెలవు రోజుల్లో నేనూ, బాబాయీ, ఇద్దరు కుర్రాళ్లూ సబ్బునీళ్లు, బ్రష్షు పట్టుకుని తిరిగాం. బుడగ వచ్చిన చోటల్లా ఒక ఎర్ర ట్యాగ్ కట్టాం. మూడు సెలవుల్లో 112 ట్యాగులు. నేను మెయిన్ పైపుల్లో ఉంటాయనుకున్నాను. వాటిలో దాదాపు ఏమీ లేదు. చాలామటుకు మెషిన్ దగ్గరి చివరి రెండు మీటర్లలోనే: అరిగిపోయిన క్విక్ కప్లర్లు (గొట్టాలను టక్కున తగిలించే బిగింపులు), పగిలిన గొట్టాలు, గాలిని వడకట్టే ఫిల్టర్ రెగ్యులేటర్ గిన్నెలు, టెఫ్లాన్ టేపు లేకుండా బిగించిన జాయింట్లు. అన్నిటికంటే పెద్ద దొంగ ఎయిర్ రిసీవర్ (గాలి నిల్వ ఉండే ట్యాంకు) కింది డ్రెయిన్ వాల్వ్. లోపల చేరే నీళ్లు పోవాలని ఎవరో దాన్ని కాస్త తెరిచి వదిలేశారు. నీళ్లతో పాటు గాలీ పోతూనే ఉంది, ఏళ్ల తరబడి.

మంచి కప్లర్లకు ఇండెంట్ (కొనమని రాసిచ్చే కాగితం) పెడితే పర్చేజ్ వాళ్లు "తక్కువ ధరలో ఇంకో రకం ఉంది కదా" అన్నారు. మేం మార్చి పారేస్తున్నవి ఆ రకమే. కరెంటు బిల్లు ఒక డిపార్ట్‌మెంట్‌ది, కప్లర్ ఖర్చు ఇంకో డిపార్ట్‌మెంట్‌ది అయినన్నాళ్లూ ఈ బాధ తప్పదు.

ఇంకో సంగతి. మా గాలి ప్రెషర్ 7.8 బార్‌లో (బార్ అంటే ఒత్తిడి కొలమానం) ఉండేది. ఎందుకంటే చివరి మెషిన్‌కు గాలి చాలడం లేదని ఒకప్పుడు పెంచారు. వెళ్లి చూస్తే ఆ మెషిన్ ఫిల్టర్ పూడిపోయి ఉంది. అది మార్చి 6.8కి దించాం. ఎవరూ గుర్తుపట్టలేదు. ఒక బార్ దించితే కంప్రెసర్ కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది. పైగా ప్రెషర్ తగ్గితే మిగిలిన లీకుల్లోంచి పోయే గాలి కూడా తగ్గుతుంది.

"మాది ఫ్యాక్టరీ కాదు, ఆఫీసు" అంటారేమో. మీకూ కంతలున్నాయి, కాకపోతే చప్పుడు చేయవు. ఏసీ మెకానిక్ ప్రతి వేసవికీ వచ్చి "గ్యాస్ తగ్గింది సార్" అని నింపి వెళ్తుంటాడు కదా. ఆ తగ్గిన గ్యాస్ ఎటు పోయిందని ఎప్పుడైనా అడిగారా? ఏసీల్లో వాడే ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో, వందేళ్ల లెక్కలో 2088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పది కిలోలు కారితే దాదాపు 21 టన్నులు. డీజిల్‌లో చెప్పాలంటే ఏడున్నర వేల లీటర్లకు పైగా తగలబెట్టినట్టు. ఈమెయిల్ కింద "దయచేసి ప్రింట్ తీయకండి" అని ఆకుపచ్చ అక్షరాల్లో రాసుకునే ఆఫీసుల్లో ఎంతమంది ఈ లీకు వెతికించి అతికించారో నాకు అనుమానమే. గ్యాస్ నింపమనే ముందు లీకు పట్టమనండి. పట్టలేనంటే మెకానిక్‌ను మార్చండి.

రిపోర్టులు రాసేవాళ్లు ఉద్గారాలను స్కోప్ 1, 2, 3 అని విడదీస్తారు. మీరే తగలబెట్టేది, మీ నుంచి కారేది మొదటిది. కొనే కరెంటు రెండోది. ముడిసరుకు, రవాణా లాంటివన్నీ మూడోది. చాలా సంస్థలకు మూడోదే పెద్దదని నాకూ తెలుసు. దానిమీద నేను చెప్పగలిగింది ఒక్కటే: స్టోర్స్‌లో సరుకు అయిపోయేదాకా చూసి, చివర్లో హడావిడిగా విమానంలో తెప్పించుకోకండి. అదే సరుకు అంతే దూరం ఓడలో వస్తే అయ్యే దానికి ఇది పదుల రెట్లు. మాకు అలా వచ్చిన ప్రతి పెట్టె వెనకా సమయానికి సంతకం కాని ఇండెంట్ ఒకటి ఉండేది.

చివరికి మా లీకులు 40 నుంచి 11 శాతానికి వచ్చాయి. రాత్రిళ్లు కంప్రెసర్ ఆపేస్తున్నాం. పొద్దున షిఫ్ట్‌కు పావుగంట ముందు బాబాయ్ వేస్తాడు, లైన్ టైముకే మొదలవుతుంది. ఆ సంబరంలో ఆరు నెలలు వదిలేసి మళ్లీ కొలిస్తే 18 శాతం. కప్లర్లు అరుగుతాయి, గొట్టాలు పగులుతాయి, ఎవరో ఒకరు డ్రెయిన్ వాల్వ్ తెరిచి మర్చిపోతారు. అందుకే ఇప్పుడు నెలకో సెలవు రోజు రాత్రి వెళ్తున్నాం. నేను స్టాప్‌వాచ్ పట్టుకుంటాను. బాబాయ్‌కి అదీ అక్కర్లేదు, గుమ్మంలో నిలబడి విని "మూడో లైన్ సార్" అంటాడు.